పాండురంగారావు కూర్చోమన్నాడు

ఆ రోజు పాండురంగారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా స్నానం, ఎనిమిదింటికి ఇడ్లీ, పదకొండింటికి కంపెనీ వాళ్లు. వాళ్లు వచ్చి వసారాలో కూర్చుంటారు, చిన్న రసాలు తింటారు, తోట చూస్తారు, మూడేళ్లకు ఒప్పందం రాసుకుని వెళ్లిపోతారు. ఇందులో ఆయనకు కష్టమనిపించింది ఒక్కటే. వాళ్లు కూర్చోవడం.

ఆ ఇంట్లో ఎవరూ కూర్చోరు. నూజివీడులో పాండురంగారావు తండ్రి మామిడికాయల కమిషన్ కొట్టు పెట్టిన నాటి నుంచీ ఆ కుటుంబానికి ఒక పద్ధతి ఉంది. కాయ తెచ్చిన రైతును కూర్చోమనకూడదు. నిలబడ్డవాడికి కాళ్లు పీకుతాయి, ఎండ నెత్తికెక్కుతుంది, బేరం తొందరగా తెగుతుంది. అదే కూర్చోబెడితే మంచినీళ్లు అడుగుతాడు, పిల్ల పెళ్లి సంగతి ఎత్తుకుంటాడు, అదంతా అయ్యాక తీరిగ్గా తన ధర చెబుతాడు. అందుకని కొట్టులో కుర్చీ ఒక్కటే ఉండేది, అది షావుకారుది. ఆ అలవాటు కొట్టు నుంచి ఇంటికి ఎప్పుడు నడిచి వచ్చిందో ఎవరూ గమనించలేదు. ఇంటి వసారాలో కూడా తండ్రి చేయించిన టేకు చేతుల కుర్చీ ఒక్కటే ఉండేది, ఆయన పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు. పాలవాడైనా, చుట్టమైనా, చందాల కోసం వచ్చినవాళ్లయినా నిలబడే మాట్లాడి, నిలబడ్డ కాళ్లతోనే వెళ్లిపోయేవారు.

కంపెనీ వాళ్లను నిలబెడితే మాత్రం కుదరదు. తండ్రి నాటిన పన్నెండెకరాల రసాల తోట మూడేళ్లుగా సరిగా కాయడం లేదు. చుట్టుపక్కల చాలామంది మామిడి కొట్టేసి పామాయిల్ వేస్తున్నారు. నెల కిందట పాండురంగారావు కూడా మనుషుల్ని పంపి తోట కొలతలు వేయించాడు. భార్య హైమవతి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు కోడలు తేజస్వి ఫోన్‌లో వెతికి, రసాలను పెట్టెల్లో సర్ది పెద్ద ఊళ్లకు పంపే ఒక కంపెనీని పట్టుకుంది. వాళ్లకు నచ్చితే తోట బతుకుతుంది. నచ్చకపోతే జూన్‌లో రంపం వస్తుంది.

ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ తోటలోనే ఉంటూ చెట్లను సాకుతున్న జోజికి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాలనే పాండురంగారావు అనుకున్నాడు. కానీ అలాంటి మాట మనిషిని నిలబెట్టి చెప్పేది కాదు. జోజిని కూర్చోబెట్టే అలవాటు లేదు. అలా ఆ మాట రోజూ రేపటికి జరుగుతూ వచ్చింది.

"వచ్చే ఆవిడ బెంగుళూరు ఆఫీసు నుంచి వస్తోంది మావయ్యగారూ," అంది తేజస్వి. ఆమె ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. "గుమ్మంలోకి రాగానే మీరు నవ్వుతూ 'ప్లీజ్ హావ్ ఎ సీట్' అనాలి."

"అంటే?"

"కూర్చోండి అని."

"కూర్చోండా, కూర్చోమ్మా, కూర్చోవయ్యానా?"

"అన్నిటికీ అదే."

"అదేంటి! కలెక్టరుగారు వస్తే?"

"ప్లీజ్ హావ్ ఎ సీట్."

"మన సాయిరాం పాలు తెస్తే?"

"ప్లీజ్ హావ్ ఎ సీట్."

పాండురంగారావు ఇడ్లీ వదిలేసి ఆలోచనలో పడ్డాడు. తెలుగులో ఒక మనిషిని కూర్చోమనాలంటే ముందు ఆ మనిషిని తూచాలి. వయసెంత, ఉన్నవాడా లేనివాడా, మనకు పని ఉందా వాడికి పని ఉందా, ఇదంతా చూసుకుని గాని నోట్లోంచి ‘కూర్చో’ తర్వాత ముక్క రాదు. ఆయన ఎవరినీ కూర్చోమనకపోవడానికి ఈ బాధ కూడా ఒక కారణం. తూకం వేయకుండా కుర్చీ వేసే భాష ఒకటి ఉందని అరవై రెండేళ్లు వచ్చాక తెలిసింది.

"బ్యాంకులో అంటే మీ వంతు వచ్చేదాకా ఆగమని," తేజస్వి పాఠం కొనసాగించింది. "డాక్టరుగారు అంటే కంగారు పడకండి అని. ఇంట్లో అంటే ఇది మీ ఇల్లే అనుకోండి అని. 'సిట్ డౌన్' అని మాత్రం అనకండి. అది క్లాసులో నేను పిల్లల్ని గదమాయించే మాట."

"మరి లెమ్మనాలంటే ఏమనాలి?"

"లెమ్మనడం దేనికి మావయ్యగారూ? పని అయిపోతే వాళ్లే లేస్తారు." ఆమె బడి బ్యాగు సర్దుకుంటూ ఆఖరి ఆజ్ఞ వేసింది. "పదకొండింటి దాకా ఎవరొచ్చినా అదే అనండి. చెయ్యి ఇలా కుర్చీ వైపు చాపండి. మధ్యలో తెలుగు కలిపారంటే నాలుక మళ్లీ పాత దారికే పోతుంది. నేను రెండో పీరియడ్ అవగానే వచ్చేస్తాను."

కొడుకు శ్రీధర్ చింతలపూడిలో కాయ లోడు చేయించడానికి వెళ్తూ నాలుగు నీలం ప్లాస్టిక్ కుర్చీలు కొని దింపి పోయాడు. పాండురంగారావు వాటిని వసారాలో వరసగా వేయించి, టేకు కుర్చీని చివర ఉంచి, చెయ్యి చాపడం సాధన చేస్తూ నిలబడ్డాడు.

మొదట వచ్చినవాడు పాల సాయిరాం.

"ప్లీజ్ హావ్ ఎ సీట్," అన్నాడు పాండురంగారావు.

సాయిరాం వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. చాపిన చెయ్యి తన వైపే ఉంది. అతను పాల క్యాను ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఏంటండీ షావుకారుగారూ, ఒంట్లో బాగానే ఉందా?"

తెలుగు కలపకూడదు. ఇంగ్లీషులో ఇంకో మాట రాదు. పాండురంగారావు నవ్వి ఊరుకున్నాడు. ఆ వీధిలో ఆయన పళ్లు చూసినవాళ్లు లేరు. సాయిరాంకి ఒళ్లు జలదరించింది. పాలు గిన్నెలో పోసి, మిగతా ఇళ్లు వదిలేసి, సందు చివర టీ కొట్టుకు పరుగెత్తాడు.

"పాండురంగారావుగారు నన్ను కూర్చోమన్నారండీ!"

టీ కొట్టు దగ్గర గ్లాసులు ఆగాయి.

"నిన్నా?"

"నన్నే. నవ్వారు కూడాను."

"అయ్యో పాపం," అన్నాడు టీ కాచే ఆయన. "వాళ్ల నాన్నగారు కూడా పోయే ముందురోజు ఎవరికో కుర్చీ వేయించారంటారు."

అక్కడే టీ తాగుతున్నాడు జి. కొండూరు రైతు రామకృష్ణ. మార్కెట్టుకు కాయ తెచ్చాడు. సగం టీ వదిలేసి నేరుగా పాండురంగారావు ఇంటికి వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే చెయ్యి చాచుకుంది, మాట వినపడింది. రామకృష్ణ కూర్చుని తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"మా నాన్నా, నేనూ కలిసి నలభై ఏళ్లు మీ గుమ్మం ముందు నిలబడ్డామండీ. ఇలా కూర్చోవాల్సిన రోజు వస్తుందనుకోలేదు."

ఇంగ్లీషు మాటకు ఇంత బలం ఉందా అని పాండురంగారావు మురిసిపోయాడు. రామకృష్ణ భుజం తట్టాడు కూడా. అది చూసి రామకృష్ణకు మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది. ఇక ఆయన దక్కడు.

ఆ తర్వాత వచ్చింది రెండు వీధుల అవతల ఉండే చెల్లెలు వెంకటలక్ష్మి. చెప్పులు లేకుండా, జుట్టు విరబోసుకుని, వీధి మొదట్లోనే ఏడుపు ఎత్తుకుని వచ్చింది.

"అన్నయ్యా!"

"ప్లీజ్ హావ్ ఎ సీట్," అన్నాడు అన్నయ్య.

వెంకటలక్ష్మి కుర్చీలో కూలబడింది. "వదినా! ఓ వదినా! సొంత చెల్లెల్ని ఇంగ్లీషులో కూర్చోమంటున్నాడు. మనిషి గుర్తు కూడా పోయింది!"

హైమవతి వంటింట్లోంచి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏమైందండీ? ఎప్పటినుంచి? నాకు చెప్పరే?"

అప్పుడిక పాండురంగారావు నియమం తప్పక తప్పలేదు. "నాకేం కాలేదే! గుండ్రాయిలా ఉన్నాను!"

"చూశావా, చూశావా," అంది వెంకటలక్ష్మి. "మన నాన్న కూడా ఇదే మాట అన్నారు."

ఇంతలో మార్కెట్టు నుంచి ఇద్దరు కమిషన్ వ్యాపారులు వచ్చారు. వాళ్లకు పాండురంగారావు ఏమీ అనలేదు. వాళ్లే మిగిలిన రెండు కుర్చీలూ లాక్కుని కూర్చున్నారు. ఒకాయన ఆయన మొహం పరీక్షగా చూశాడు. రెండో ఆయన గోడలు చూస్తూ, "కొట్టు అద్దెది కాదు కదండీ, సొంతమే కదా?" అని రామకృష్ణను మెల్లగా అడిగాడు.

ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండాయి. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. వీళ్లను లేపాలి. లెమ్మనే ఇంగ్లీషు మాట తేజస్వి నేర్పలేదు. తెలుగులో లెమ్మంటే, చావుబతుకుల్లో కూడా బుద్ధి మారలేదంటారు. వెంకటలక్ష్మి ఎక్కడి నుంచో తెచ్చిన విభూతి ఆయన నుదుటికి రాస్తూ, ఏడుస్తూ, సగం చొక్కా మీద పోసింది. పొద్దున్నే ఇస్త్రీ చేయించిన చొక్కా అది.

అదే సమయానికి జోజి వచ్చాడు. కంపెనీ వాళ్లకు చూపించడానికి గడ్డిలో మాగేసిన రసాల బుట్ట మోపెడ్ మీద కట్టుకుని తోట నుంచి వస్తున్నాడు. దారిలో టీ కొట్టు ఉంది. అక్కడ ఆగిన కాసేపట్లో అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మెట్టు కింద చెప్పులు విడిచి, బుట్ట పట్టుకుని నిలబడ్డాడు.

"ఫోన్ చేసి సంఘంలో ప్రార్థన పెట్టమని చెప్పానండి. ఏం భయం లేదు షావుకారుగారూ."

పాండురంగారావు ఏమీ ఆలోచించలేదు. పొద్దుటి నుంచి అలవాటైన చెయ్యి తనంతట తానే చాచుకుంది. ఖాళీగా ఉన్నది టేకు కుర్చీ ఒక్కటే. చెయ్యి దాన్నే చూపించింది.

"ప్లీజ్ హావ్ ఎ సీట్."

వెంకటలక్ష్మి ఏడుపు మధ్యలో ఆపింది.

"నేనా అండీ?" అన్నాడు జోజి.

చాపిన చేతిని వెనక్కి తీసుకోవడం ఎలాగో పాండురంగారావుకు తెలియలేదు. జోజి బుట్ట కింద పెట్టాడు. పంచె వెనక వైపు రెండుసార్లు దులుపుకున్నాడు. పోయే మనిషి మాట కాదనకూడదని మనసులో గట్టిగా అనుకుని, టేకు కుర్చీ అంచున, పడతానేమోనన్నట్టు కూర్చున్నాడు.

పాండురంగారావు అప్పుడు అతన్ని చూశాడు. జోజి జుట్టు మొత్తం తెల్లబడి ఉంది. మోకాళ్ల మీద పెట్టిన చేతుల నిండా ముడతలు. ఇదంతా ఎప్పుడు జరిగింది? నిలబడ్డ జోజి ఎప్పుడూ ఒకేలా ఉండేవాడు. కూర్చున్న జోజి తన ఈడువాడు. ఏదో అడగాలనిపించింది. ముందు విభూతి పడ్డ చొక్కా మార్చుకుందామని ఆయన లోపలికి వెళ్లాడు.

ఇస్త్రీ చొక్కా ఇంకోటి దొరకడానికి పావుగంట పట్టింది. కారు ఆ పావుగంటలోనే వచ్చింది.

ఆయన బయటికి వచ్చేసరికి ముప్పై ఏళ్ల అమ్మాయి ఒకతి వసారా నేల మీద బాసింపట్టు వేసుకుని, టేకు కుర్చీకి ఎదురుగా కూర్చుని ఉంది. పక్కన రసాల బుట్ట. మోచేతుల దాకా రసం. మెడలో కంపెనీ కార్డు, దాని మీద సాయిలక్ష్మి అనే పేరు. ఆమె మాట్లాడుతున్నది తెలుగు.

"కుర్చీ వద్దండీ, నేల చల్లగా ఉంది," అంటోంది వ్యాపారులతో. "ఉద్యోగం బెంగుళూరు గాని మాది చింతలపూడే. కుర్చీలో కూర్చుని రసం తింటే తిన్నట్టుండదు." తర్వాత జోజి వైపు తిరిగింది. "ఈ కాయ ఎంత బాగుందండీ! ఏ చెట్టుది?"

"బావి పక్కన మూడోదమ్మా. దానికి పొద్దుటెండ ముందు తగుల్తుంది. అందుకని మిగతావాటికన్నా వారం ముందే పండుతుంది."

"తొడిమ దగ్గర సొన మచ్చ ఒక్కటి కూడా లేదే?"

"కాయ నేల తాకకుండా చిక్కం కర్రతో కోసి, తొడిమ ఇంత ఉంచి దింపుతానమ్మా. తలకిందులుగా పెట్టి సొన కారాక గడ్డిలో వేస్తాను. తొందరపడితే కాయ నల్లబడి పోతుంది."

అమ్మాయి కళ్లు మెరిశాయి. ఆమె మొహంలో ఆ మెరుపును పాండురంగారావు పసిగట్టాడు. నలభై ఏళ్లు బేరాలు చేసినవాడికి, అవతలి మనిషి సరుకుకు లొంగిపోయిన క్షణం తెలియదా? ఆయన గుమ్మంలో ఆగిపోయాడు. అంతలో సాయిలక్ష్మి తలెత్తి ఆయన్ని చూసింది.

"బాబాయ్, కొంచెం మంచినీళ్లు ఇస్తారా? చేతులకు కూడా."

బేరం సాఫీగా సాగుతోంది. మధ్యలో నేనే షావుకారునని చెబితే ఏమవుతుందో ఏమో. పాండురంగారావు లోపలికి వెళ్లి, పళ్లెంలో రెండు గ్లాసులతో మంచినీళ్లు తెచ్చాడు. ఆయన చేతిలో పళ్లెం చూసి జోజి అదిరిపడి సగం లేచాడు.

పాండురంగారావు పళ్లెం ఒక చేతిలోకి మార్చుకుని రెండో చెయ్యి చాపాడు. "ప్లీజ్ హావ్ ఎ సీట్," అన్నాడు. పొద్దుటి నుంచి అన్నవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇది ఆయన తెలిసి, లెక్క వేసుకుని, తన బేరం కోసం అన్నది. జోజి మళ్లీ కూర్చున్నాడు.

ఆ ఒక్కసారి అనకుండా ఉంటే ఏమయ్యేదోనని తర్వాత ఆయన చాలాసార్లు అనుకున్నాడు.

"ఇంత బాగా చూసుకుంటే మూడేళ్ల నుంచి కాపు ఎందుకు తగ్గిందండీ?" అడిగింది సాయిలక్ష్మి.

"పూత మీద తేనెమంచు పురుగు పడుతోందమ్మా. చూసిన రెండు మూడు రోజుల్లో మందు కొట్టాలి. మందు తెప్పించమని చెప్పడానికి నేను కొట్టుకి వెళ్తే అక్కడ అడ్వాన్సుల కోసం వచ్చిన జనం ఉంటారు. అందరం నిలబడే ఉంటాం. నా వంతు వచ్చేసరికి పొద్దుపోతుంది, రేపు రమ్మంటారు. రేపు వెళ్తే మళ్లీ జనం. మందు చేతికొచ్చేసరికి పూత రాలిపోయి ఉంటుంది."

"ఫోన్ చేయచ్చుగా?"

"పూత రోజుల్లో ఆ ఫోన్ దొరకదమ్మా."

పాండురంగారావు గ్లాసుల పళ్లెం సాయిలక్ష్మి పక్కన పెట్టి, గుమ్మం దగ్గరికి జరిగాడు.

"సరే, మందుల సంగతి మేం చూసుకుంటాం," అంది సాయిలక్ష్మి హుషారుగా. "వచ్చే ఏడాదికి..."

"వచ్చే ఏడాదికి ఈ చెట్లు ఉండవమ్మా."

"ఏంటండీ?"

"కొట్టేస్తున్నారు. నెల కిందట కొలతలు వేయడానికి మనుషులొచ్చారు. ఏంటని అడిగితే, పామాయిల్ అన్నారు. నీకు తెలీదా అని నవ్వారు."

"అదేంటండీ! మీ తోట మీకు తెలియకుండా ఎవరు కొట్టేస్తారు?"

"నాది కాదమ్మా," అన్నాడు జోజి. "అదిగో, మీకు మంచినీళ్లిచ్చినవారిది."

అందరూ తిరిగి చూశారు. సాయిలక్ష్మి గబగబా లేచి నిలబడింది. ఆమెతో పాటు రామకృష్ణ లేచాడు, వ్యాపారులు లేచారు, వెంకటలక్ష్మి కూడా ఎందుకో లేచింది. అందరికన్నా ముందు జోజి లేచాడు. కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. వసారాలో మళ్లీ ఎప్పటిలాగే అందరూ నిలబడి ఉన్నారు.

"నీకు తెలిసినట్టు నాకెందుకు చెప్పలేదు జోజీ?" అన్నాడు పాండురంగారావు. అడగవలసినది అది కాదని ఆయనకు తెలుస్తూనే ఉంది.

"రెండుసార్లు వచ్చానండి. ఒకసారి కొట్టుకి, ఒకసారి ఇక్కడికి. అది నిలబడి అడిగే మాట కాదనిపించి వెళ్లిపోయాను." జోజి తల వంచుకున్నాడు. "ఇంకోటి కూడా చెప్పాలండి. మైలవరం వెంకటరమణగారు తన తోట చూసుకోమన్నారు. సోమవారం నుంచి వస్తానని మాటిచ్చాను. చెట్లు పడిపోతుంటే చూడ్డానికి ఇక్కడ ఉండలేనండి."

జోజి గొంతులో కోపం లేదు. అది ఉన్నా పాండురంగారావు ఏదో ఒకటి అనగలిగేవాడు. కూర్చోబెట్టి చెప్పాలని తాను దాచిన మాటా, కూర్చుంటే గాని అడగలేనని అతను దాచిన మాటా ఒకటే. రెండిటికీ మధ్య ఒక కుర్చీ దూరం. నెల రోజులుగా ఆ కుర్చీ ఖాళీగా ఇక్కడే ఉంది.

సాయిలక్ష్మి చేతులు కడుక్కుని, కార్డు సర్దుకుని, మర్యాదగా చెప్పింది. "వెంకటరమణగారి తోట కూడా మా లిస్టులో ఉందండీ. మేం చెట్లను చూసి కాదు, చెట్లను చూసే మనిషిని చూసి రాసుకుంటాం. ఏమీ అనుకోకండి." తోట చూడకుండానే, నాలుగు కాయలు అడిగి తీసుకుని కారెక్కింది. మోపెడ్ తీస్తున్న జోజి దగ్గర ఆగి ఫోన్ నంబరు రాసుకోవడం వసారాలోంచి అందరికీ కనిపించింది.

వ్యాపారులు వెళ్తూ, "అయితే ఒంట్లో బాగానే ఉందన్నమాట," అన్నారు కొంచెం నిరాశగా.

వెంకటలక్ష్మికి మాత్రం ఒళ్లు మండిపోయింది. "ఏ జబ్బూ లేనివాడివి మనుషుల్ని కూర్చోమన్నావెందుకు? చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాను!"

రెండో పీరియడ్ అయ్యాక వచ్చిన తేజస్వికి ఖాళీ కుర్చీలూ, కింద పడ్డ టెంకలూ, గోడ వైపు చూస్తున్న మావగారూ కనిపించారు. "ఎలా జరిగింది మావయ్యగారూ? అన్నారా?"

"అన్నాను," అన్నాడు పాండురంగారావు. "బాగా పలికిందమ్మా."

టేకు కుర్చీ ముందంచున గడ్డిపరక ఒకటి అతుక్కుని ఉంది. వెనక్కి ఆనుకునే చోట తండ్రి కాలం నుంచి పేరుకున్న దుమ్ము చెక్కుచెదరలేదు. జోజి ఒక్కసారి కూడా వెనక్కి ఆనుకోలేదు. హైమవతి గుడ్డ తీసుకుని తుడవబోతే ఆయన వద్దన్నాడు. ఆవిడ భర్త మొహం చూసి, "భోజనానికి రండి," అని మాత్రం అంది.

జూన్‌లో రంపం రాలేదు. పామాయిల్ వాళ్లకు ఆయనే ఫోన్ చేసి వద్దన్నాడు. కానీ తోటలో కాలు పెడితే ఏ చెట్టు ముందు పండుతుందో, ఏది వెనకో ఆయనకు తెలియలేదు. బావి పక్క మూడో చెట్టు ఏ వైపు నుంచి మూడోదో కూడా తెలియలేదు. కాయలు కొన్ని కోశారు, కొన్ని రాలాయి. ఒకరోజు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా మైలవరం బస్సెక్కాడు.

వెంకటరమణ తోటలో ఆఖరి కోత జరుగుతోంది. చెట్ల కింద కంపెనీ పేరున్న అట్టపెట్టెలు దొంతర్లుగా ఉన్నాయి. జోజి చిక్కం కర్ర ఎవరికో ఇచ్చి ఎదురొచ్చాడు. ఎండలో ఇద్దరూ కాసేపు నిలబడ్డారు.

"చెట్లు కొట్టించడం లేదు జోజీ."

"విన్నానండి. మంచి మాట."

"నువ్వు రావాలి. నిలబడి చెప్పుకునే మాటలు కావు. మనం కాస్త..." అని పాండురంగారావు ఆగాడు. ఇంగ్లీషు ముక్క నాలుక చివరే ఉంది. అది వద్దనిపించింది. తెలుగులో అనాలి. కూర్చో అనాలా, కూర్చోండి అనాలా? ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి అని ఉంటే ఇప్పుడు ఇంత ఆలోచన ఉండేది కాదు.

ఆయన తూచుకుంటూ ఉండగానే జోజి కాయల క్రేటు ఒకటి బోర్లించి, తువ్వాలుతో తుడిచి, నీడలోకి జరిపాడు.

"కూర్చోండి షావుకారుగారూ."

పాండురంగారావు కూర్చున్నాడు.

"ఇక్కడ కోత అయ్యేదాకా మాటిచ్చానండి," అన్నాడు జోజి. "ఆ తర్వాత సంగతి ఆలోచించుకోవాలి. లోడు పంపించి వచ్చి చెప్తాను. ఉండండి."

ఒక లోడు వెళ్లింది. ఇంకో బండి వచ్చింది. నీడ పక్కకు జరిగింది, ఎండ మోకాళ్ల మీదికి వచ్చింది. జోజి చెట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తున్నాడు, ఇటు మాత్రం రావడం లేదు. నూజివీడుకు ఆఖరి బస్సు ఎన్నింటికో పాండురంగారావు కనుక్కోలేదు. కూర్చోమనడం చక్కగా నేర్పిన కోడలు, ఎప్పుడు లేవాలో మాత్రం చెప్పలేదు.